ఆక్రిలిక్ ద్రావణంతో గుల్లబారిన చెక్కను గట్టిపరచవచ్చునా?

ప్రశ్న: శిలీంధ్రం పట్టి నల్లని గీతలు తేలిన చెక్క ముక్కతో కత్తి పిడి చేయాలనుకుంటున్నాను. చూడటానికి అందంగా ఉన్నా, గోటితో నొక్కితే సొట్ట పడేంత మెత్తగా ఉంది. ఆక్రిలిక్ షీటు ముక్కలను ఎసిటోన్‌లో కరిగించి, అందులో నానబెడితే గట్టిపడుతుందని విన్నాను. ఆ ద్రావణాన్ని ఎలా తయారుచేయాలి? ఆక్రిలిక్‌కు బదులు థర్మోకోల్ పనికివస్తుందా? వాక్యూమ్ పంపుతో లోపలికి ఎక్కించవచ్చునా?

జవాబు: గట్టిపడుతుంది, కానీ ఎంతవరకు అన్నది ముందుగా తెలుసుకోవాలి. పాత కొయ్య వస్తువులను పరిరక్షించే నిపుణులు పారలాయిడ్ బి-72 అనే ఆక్రిలిక్ రెసిన్‌ను ఎసిటోన్ వంటి ద్రావణిలో కరిగించి, పొడిపొడిగా రాలిపోతున్న చెక్కకు పట్టిస్తారు. మీరు విన్న పద్ధతి దానికి దగ్గరి చుట్టమే. అయితే బరువులో పది శాతం ఆక్రిలిక్ ఉన్న ద్రావణం నూరు మిల్లీలీటర్లు చెక్కలోకి ఇంకిందనుకుంటే, ఎసిటోన్ అంతా ఆవిరయ్యాక లోపల మిగిలేది సుమారు ఎనిమిది గ్రాముల ప్లాస్టిక్ మాత్రమే. అంటే ద్రవం ఆక్రమించిన చోటులో పద్నాలుగో వంతు కూడా సరిగా నిండదు. నారలు ఒకదానికొకటి అతుక్కుని రాలడం ఆగుతుందే గాని, రంధ్రాలు పూర్తిగా పూడిపోవు. చెక్కలోకి ఎక్కించాక వేడితో గట్టిపడే మెథాక్రిలేట్ రెసిన్లలో ఆవిరై పోయే ద్రావణి దాదాపు ఉండదు కనుక, లోపలికి వెళ్లినదంతా లోపలే మిగులుతుంది. తరచు తడిసే వంటింటి కత్తి పిడికి అలాంటి రెసిన్‌నే నేను సూచిస్తాను. అలంకారానికి ఉంచే వస్తువుకైతే మీరు చెప్పిన ద్రావణం చాలు.

తయారీకి రంగు లేని ఆక్రిలిక్‌ను ఎంచుకోండి. పాలికార్బనేట్ షీటు కూడా చూపుకు అలాగే ఉంటుంది గాని, ఎసిటోన్‌లో కరగకుండా తెల్లబారి పగుళ్లిస్తుంది. కనుక చిన్న ముక్కను ముందుగా వేసి పరీక్షించడం మంచిది. గోళ్లరంగు తీసే ద్రవంలో నీరు, నూనెలు కలిసి ఉండవచ్చు కనుక స్వచ్ఛమైన ఎసిటోనే వాడాలి. యాభై గ్రాముల ఆక్రిలిక్ పొడికి లేదా సన్నని ముక్కలకు సుమారు 1.2 లీటర్ల ఎసిటోన్ కలిపితే ఐదు శాతం ద్రావణం వస్తుంది. గాజు సీసాలో మూత బిగించి, అప్పుడప్పుడు కదుపుతూ ఉంచండి. ముక్కలు మొదట ఉబ్బి జిగురు ముద్దలా మారి, ఆ తరువాత నెమ్మదిగా కరుగుతాయి. తొందరపడి వేడి చేయవద్దు. మొదటిసారి నానబెట్టడానికి ఈ పలుచని ద్రావణమే వాడాలి. చిక్కగా ఉంటే త్వరగా పని అవుతుందనుకోవడం పొరపాటు, ఎందుకంటే చిక్కని ద్రవం పైపొరలోనే ఆగిపోతుంది. చెక్క తేలిపోకుండా బరువు పెట్టి, బుడగలు రావడం ఆగేదాకా ముంచి ఉంచండి. ఆరాక, రెండోసారి పది శాతం ద్రావణంలో ముంచవచ్చు.

ఆరబెట్టడంలోనే ఎక్కువమంది పని చెడగొట్టుకుంటారు. ఎసిటోన్ వేగంగా బయటికి వస్తున్నప్పుడు కరిగిన ప్లాస్టిక్‌ను కూడా ఉపరితలానికి లాక్కొస్తుంది. అప్పుడు పైన మెరిసే పెంకు కట్టి, లోపలి భాగం మెత్తగానే మిగులుతుంది. అందువల్ల చెక్కను ఆరుబయట, వదులుగా మూసిన డబ్బాలో ఉంచి నిదానంగా ఆరనివ్వాలి. ప్రతిరోజూ తూచి, బరువు తగ్గడం పూర్తిగా ఆగాకే కోతకు, సానకు దిగాలి.

థర్మోకోల్ ఎసిటోన్‌లో కుంచించుకుపోతుంది గాని నిజంగా కరగదు. అడుగున జిగట ముద్దగా మిగులుతుంది. ఇథైల్ అసిటేట్, టోలుయీన్ దానిని కరిగిస్తాయి. కానీ అందులో అధికభాగం గాలే కాబట్టి పెద్ద దిమ్మ నుంచి కూడా కొద్దిపాటి ప్లాస్టికే వస్తుంది, పైగా అది పెళుసుగా ఉండి వెలుతురుకు పసుపుబారుతుంది. నేనైతే దాని జోలికి వెళ్లను.

వాక్యూమ్ మాట మాత్రం పూర్తిగా మరచిపోండి. మామూలు పీడనంలో 56 డిగ్రీల వద్ద మరిగే ఎసిటోన్, పీడనం తగ్గించగానే గది ఉష్ణోగ్రతలోనే మరిగిపోతుంది. ఆ ఆవిరి పంపులోకి వెళ్లి మోటారు నిప్పురవ్వకు అంటుకోవచ్చు. పాత్ర మూత ఆక్రిలిక్‌దైతే అదీ బీటలు వారుతుంది. ఎసిటోన్ ఆవిరి సున్నాకు 20 డిగ్రీలు దిగువన కూడా నిప్పు అందుకోగలదు. గాలికన్నా బరువైనది కనుక నేలబారుగా పాకి దూరాన ఉన్న మంటను చేరుకోగలదు. పొయ్యి, స్విచ్చులు, హీటరు లేని ఆరుబయటే పని చేయండి. సాధారణ నైట్రైల్ గ్లవ్స్ గుండా ఎసిటోన్ నిమిషాలలోనే చొరబడుతుంది కాబట్టి బ్యూటైల్ రబ్బరు గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి.

ప్రశ్న: ఇదే ద్రావణంలో నానబెట్టిన చెక్కపై పాలవంటి తెల్లని పొర ఏర్పడింది. కారణమేమిటి?

జవాబు: తేమ. ఎసిటోన్ నీటిలో ఏ మోతాదులోనైనా కలుస్తుంది, ఆక్రిలిక్ కలవదు. చెక్కలో తేమ మిగిలి ఉన్నా, ముసురు పట్టిన రోజున ఆరబెట్టినా ప్లాస్టిక్ తెల్లగా విడివడుతుంది. తేమ మీటరుతో చూసి, పది శాతంకన్నా తక్కువ ఉన్న చెక్కనే ముంచాలి. ఇప్పటికే ఏర్పడిన పొర పలుచగా ఉంటే, పొడి వాతావరణంలో ఎసిటోన్ అద్దిన గుడ్డతో తుడిస్తే పోతుంది.

ప్రశ్న: అయితే పచ్చి చెక్కకు ఏది మేలు?

జవాబు: పాలీఇథిలీన్ గ్లైకాల్. ఇది నీటిలో కరిగి, తడి నారలలోని నీటి స్థానాన్ని క్రమంగా ఆక్రమించి, ఆరేటప్పుడు కుంచించుకుపోకుండా ఆపుతుంది. 1628లో మునిగి 1961లో వెలికివచ్చిన స్వీడన్ నౌక వాసాను 17 ఏళ్లపాటు దీనితోనే తడిపారు. అయితే నీటితో లోపలికి వెళ్లినది నీటితోనే బయటికీ వస్తుంది. అందుకని తడి తగిలే పిడులకు, గిన్నెలకు దీనిని వాడకూడదు.