అన్ని కాంబినేషన్లూ టెస్ట్ చెయ్యాలా?

ప్రశ్న: మా సాఫ్ట్‌వేర్‌లో ఆన్, ఆఫ్ చేసుకునే సెట్టింగ్స్ 10 ఉన్నాయండి. మేనేజర్ గారు అన్ని కాంబినేషన్లూ టెస్ట్ చెయ్యమంటున్నారు. అన్నీ ఆన్ చేసి ఒకసారి, అన్నీ ఆఫ్ చేసి ఒకసారి చూస్తే సరిపోదా?

జవాబు: సరిపోదండి. ఒకటి ఆన్‌లో, ఇంకోటి ఆఫ్‌లో ఉన్నప్పుడే వచ్చే బగ్ మీకు అసలు కనపడదు, క్యాష్ (డేటాని తాత్కాలికంగా దాచుకునే చోటు) ఆఫ్ చేసేసినా, ఆన్‌లో ఉన్న లాగింగ్ (జరిగినవి రాసిపెట్టే కోడ్) వెళ్ళి ఆ క్యాష్‌నే వెతుక్కుని క్రాష్ అవ్వడం లాంటివన్నమాట. అలాగని అన్నీ చేద్దామంటే 10 సెట్టింగ్స్‌కే 1024 కాంబినేషన్లు, 20 అయితే 10 లక్షలు దాటిపోతాయి, ఇక లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌లో ఆప్షన్లే వేలల్లో ఉంటాయి.

అందుకే ఏ రెండు సెట్టింగ్స్ తీసుకున్నా వాటి నాలుగు కాంబినేషన్లూ ఏదో ఒక రన్‌లో (అంటే ఒకసారి చేసే టెస్ట్‌లో) వచ్చేలా కొన్నే ఎంచుకుంటారు, దీన్నే పెయిర్‌వైజ్ అంటారు. మూడు సెట్టింగ్స్‌తో కాగితం మీద వేసి చూడండి: ముందు మూడూ ఆఫ్, తర్వాత ఒక్కోసారి ఒక్కటే ఆఫ్, మిగతా రెండూ ఆన్. 8 చెయ్యాల్సింది 4తో అయిపోయింది. మీ 10కి 6 రన్లు చాలు, 100 సెట్టింగ్స్ ఉన్నా 10 రన్లే, నమ్మబుద్ధి కాదు గానీ లెక్క కరెక్టే! పిక్ట్ లాంటి ఫ్రీ టూల్స్ ఈ లిస్టు తయారుచేసిస్తాయి, ఒకటో రెండో ఎక్కువ వచ్చినా ఏం పర్లేదు.

జేహిప్‌స్టర్ అని వెబ్ యాప్స్ తయారుచేసే జనరేటర్ ఉంది, రిసెర్చర్లు దాని 26 వేల పైచిలుకు వేరియంట్లూ (ఆప్షన్ల కాంబినేషన్లు) నిజంగానే రన్ చేసి చూశారు. మూడో వంతుకి పైగా ఫెయిలయ్యాయి, కానీ వాటి వెనక ఉన్న బగ్స్ ఆరంటే ఆరే, అంటే అవే బగ్స్ మళ్ళీ మళ్ళీ కనపడ్డాయి, వాటిని పట్టుకోవడానికి అన్నీ రన్ చెయ్యక్కర్లేదన్నమాట. మీ మేనేజర్ గారికి ఇది చూపించండి.

అయితే మూడు సెట్టింగ్స్ కలిస్తేనే బయటపడే బగ్స్ పెయిర్‌వైజ్‌కి దొరక్కపోవచ్చు. మీకున్నవి పదే కాబట్టి నేనైతే నేరుగా త్రీ-వైజ్‌కే (ఏ మూడు సెట్టింగ్స్ తీసుకున్నా వాటి ఎనిమిది కాంబినేషన్లూ వచ్చేలా) వెళ్ళమంటాను, 13 రన్లతో అయిపోతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఒక సెట్టింగ్ ఆన్ అవ్వాలంటే ఇంకోటి ఆన్‌లో ఉండి తీరాలి అనుకోండి, ఆ రూల్ టూల్‌కి ముందే చెప్పాలి. చెప్పకపోతే అది కుదరని కాంబినేషన్ ఇస్తుంది, మీ సాఫ్ట్‌వేర్ దాన్ని స్టార్ట్ కూడా అవ్వనివ్వదు, మీరేమో ఇది చెల్లదులే అని వదిలేస్తారు, దాంతోపాటు ఆ ఒక్క రన్‌లోనే ఉన్న మిగతా జతలు కూడా టెస్ట్ అవ్వకుండా పోతాయి, రిపోర్ట్‌లో మాత్రం అంతా కవరైనట్టే ఉంటుంది. కాబట్టి ముందు డెవలపర్లతో కూర్చుని ఆ రూల్స్ రాసుకోండి, టూల్ సంగతి ఆ తర్వాత.