అడుగేయకుండానే బాణం నొక్కుకుంటోంది!

ప్రశ్న: మా పాప టీవీకి తగిలించి, బాణం గుర్తుల మీద అడుగులేస్తూ ఆడే డాన్స్ ప్యాడ్ జిడ్డోడుతోంది. ముసురు పట్టాక ఎడమ బాణం దానంతటదే నొక్కుకుంటోంది. సర్ఫు నీళ్లలో నానబెట్టనా?
– ఓ గృహిణి, అమలాపురం

జవాబు: అమ్మా, బకెట్ దాకా తీసుకెళ్లకండి! ఆ మెత్తటి ప్యాడ్ లోపల కరెంటు పారే పొరలు రెండు, మధ్యలో చిల్లుల స్పాంజి ఉంటాయి. కాలేస్తే చిల్లులోంచి పొరలు తాకుతాయి. తడి చేరినా, ముడత పడినా ఊరికే తాకేస్తాయి. వైరు పీకి, గట్టిగా పిండిన గుడ్డకు చుక్క షాంపూ అద్ది తుడవండి. ఫ్యాను కింద ఆరబెట్టండి, ఎండలో వద్దు. మేం మాదాన్ని దుప్పటిలా నాలుగు మడతలు పెట్టి బీరువా మీద పడేశాం. సరిగ్గా మడత దగ్గరే పై బాణం చచ్చింది. అందుకే చాపలా చుట్టి పెట్టండి. పాపని కాళ్లు కడుక్కుని, పొడిగా తుడుచుకునే ఎక్కమనండి. కోనసీమ బురద సంగతి మీకు నేను చెప్పాలా!