చిరంజీవి మాధవికి: తిరిగి వచ్చిన తొలి నెలల గురించి

చిరంజీవి మాధవికి పెద్దమ్మ ఆశీస్సులు.

జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఒక్క సెమిస్టరు చదివి వచ్చి మూడు వారాలైనా నీ పెట్టె ఇంకా పూర్తిగా సర్దలేదనీ, భోజనం దగ్గర ముభావంగా ఉంటున్నావనీ, ఏమడిగినా "ఏం లేదు" అని లేచి వెళ్ళిపోతున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పి బాధపడింది. ఇదంతా ప్రేమ వ్యవహారమేమోనన్న అనుమానం కూడా ఆమెకు ఉంది. ఆ సంగతి తల్లీ కూతుళ్ళు మీరు చూసుకోండి. విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన కాలంలో, ఒక్క సెమిస్టరు కోసం విదేశాలకు వెళ్ళే విద్యార్థుల కాగితాలు చాలా ఏళ్ళు నా బల్ల మీదుగానే నడిచాయి. వెళ్ళేటప్పుడు భయపడిన పిల్లలకంటే వచ్చాక బెంగపడిన పిల్లలే నాకు ఎక్కువగా గుర్తున్నారు కాబట్టి, నీవు అడగకపోయినా ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ బెంగ నీ ఒక్కదానిదే కాదు. 1955లో స్వెర్రే లిస్‌గార్డ్ అనే నార్వే సామాజిక శాస్త్రవేత్త, ఫుల్‌బ్రైట్ అనే అమెరికా ప్రభుత్వపు ఉపకార వేతనం మీద ఆ దేశంలో ఉండి వచ్చిన తన దేశస్థులను పరిశీలించి, పరాయి దేశంలో మొదట ఉత్సాహం, తర్వాత కుంగుబాటు, ఆ తర్వాత కుదురుకోవడం ఉంటాయనీ, గీత గీస్తే అది ఆంగ్లాక్షరం యూ ఆకారంలో వస్తుందనీ చెప్పాడు. 1963లో జాన్, జీన్ గుల్లాహార్న్ అనే పరిశోధకులు దానికి రెండో సగం చేర్చారు. స్వదేశానికి తిరిగి వచ్చాక అదే వంపు మరోసారి వస్తుందనీ, రెండూ కలిపితే డబ్ల్యూ అవుతుందనీ వారి మాట. ఈ గీత అందరికీ సరిపోదని తర్వాతివాళ్ళు అభ్యంతరం చెప్పారు, నేను చూసిన పిల్లల్లోనూ సరిపోనివాళ్ళు ఉన్నారు. అయినా ఇలాంటిదొకటి రావచ్చునని తెలిసినవాళ్ళు, తమ బుద్ధిలో ఏదో లోపం వచ్చిందని కంగారుపడరు. నాకు తెలిసినంతలో ఆ గీత వల్ల ప్రయోజనం అంతే.

ఇక నీకు బెంగ దేని మీదనో తేల్చుకో. ట్రాముల మీద, మంచు మీద, వీధి చివరి రొట్టెల దుకాణం మీద అని నీవు అనుకుంటూ ఉండవచ్చు. నా అంచనా వేరు. ఆ ఆరు నెలలూ నీ గది అద్దె నీవే కట్టావు, ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయని శనివారమే సరుకులు తెచ్చుకున్నావు, ఒంట్లో బాగోకపోతే అరకొర జర్మన్‌లో డాక్టరుకు చెప్పుకున్నావు, రాత్రి పొద్దుపోయాక గ్రంథాలయం నుంచి ఒంటరిగా గదికి చేరుకున్నావు. హబ్సిగూడలో ఇల్లు చేరిన మర్నాటి నుంచి కంచంలో అన్నం వడ్డించి ఉంటోంది, బట్టలు ఉతికి మడతపెట్టి ఉంటున్నాయి, చీకటి పడితే నాన్నగారి ఫోను వస్తోంది. నీ చేతిలో ఉన్న పనులన్నీ ఒక్కసారిగా ఎవరో లాగేసుకున్నారు; ప్రేమతో లాగేసుకున్నారు కాబట్టి కోప్పడడానికి కూడా వీలు లేకుండా పోయింది. నీకు ఊపిరాడనిది అక్కడని నేను అనుకుంటున్నాను.

అందువల్ల ఇంట్లో స్వేచ్ఛ గురించి వాదన పెట్టుకోవద్దు. ఆ వాదనలో మీ నాన్నగారు తండ్రిగా గెలుస్తారు, లేదా నీవు ఏడ్చి గెలుస్తావు, రెండింటి వల్లా ఏమీ మారదు. దానికి బదులు పని అడిగి తీసుకో, అదీ మధ్యలో వదలడానికి వీల్లేని పని. కరెంటు బిల్లు, గ్యాసు బుకింగు, వారంలో రెండు పూటల వంట, అమ్మమ్మను నెలనెలా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం, ఇలాంటివి ఏవైనా రెండు పూర్తిగా నీ పేరున రాయించుకో. మొదట్లో మీ అమ్మ ఒప్పుకోదు, ఒప్పుకున్నాక వంటింట్లో నీ వెనకే నిలబడి పోపు మాడుతోందంటుంది. ఒక నెల ఓర్చుకోవలసి ఉంటుంది. అమ్మమ్మ మందుల చీటీ, రిపోర్టుల ఫైలు ఎవరి దగ్గర ఉంటాయో ఆ ఇంట్లో వారి మాటకు విలువ ఉంటుందన్నది నేను మా చెల్లెళ్ళ ఇళ్ళన్నిటిలో గమనించిన సంగతి. బయటికి వెళ్ళేటప్పుడు కూడా "ఆలస్యమవుతుంది" అని గాలిమాటగా చెప్పవద్దు, తొమ్మిదిన్నరకు హబ్సిగూడ మెట్రో స్టేషనులో దిగుతానని చెప్పి, తొమ్మిదిన్నరకే దిగు. మీ నాన్నగారిని బాధపెడుతున్నది నీ ఆలస్యంకంటే, ఆ ఆలస్యానికి హద్దు తెలియకపోవడం.

అక్కడి అలవాట్లలో ఏది నిలుపుకోవాలి, ఏది వదులుకోవాలి అన్నదానికి నా దగ్గర సూత్రమేమీ లేదు. ఖాళీ ప్లాస్టిక్ సీసాలు పారేయనివ్వకుండా వంటింటి మూల పేరుస్తున్నావని మీ అమ్మ వాపోయింది. అక్కడ ఒక్కో సీసా యంత్రంలో వేస్తే 25 సెంట్లు తిరిగి వస్తాయి కాబట్టి చేతికి ఆ అలవాటు పట్టింది, సహజమే. మన వీధిలో పాత సామాన్లు కొనేవాడు వాటినే తూకం వేసి తీసుకుంటాడు, వాడికి నెలకొకసారి వేసెయ్. తడి చెత్త ఆకుపచ్చ డబ్బాలో, పొడి చెత్త నీలం డబ్బాలో వేయాలని నగరపాలక సంస్థ ఎప్పటినుంచో చెబుతున్నా మీ ఇంట్లో ఎవరూ పాటించడం లేదు, ఆ పని కూడా నీవే చేపట్టు. అక్కడ ట్రాములు, బస్సులు ఎక్కడానికి విద్యార్థులకిచ్చే సెమిస్టరు టికెట్టు పోయిందని దిగులెందుకు? 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆడవాళ్ళకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలో టికెట్టు లేదు. ఆధార్ కార్డు చూపించి ఎక్కు. కూర్చోవడానికి చోటు దొరుకుతుందని మాత్రం నేను మాట ఇవ్వలేను.

ఆరోగ్యం గురించి రెండు ముక్కలు. రోడ్డు దాటేటప్పుడు నీ తల ఇప్పుడు అలవాటుగా ముందు ఎడమకు తిరుగుతుంది, మన వాహనాలు కుడి నుంచి వస్తాయి. కొన్నాళ్ళు ఈ సంగతి నీకు నీవే గట్టిగా చెప్పుకోవాలి. డిసెంబరులో ఎనిమిది గంటల పగలు మాత్రమే చూసిన ఒంటితో నేరుగా మన మార్చి ఎండలో పడ్డావు కనుక మధ్యాహ్నం తిరగవద్దు. పానీపూరీ మానమని చెప్పినా నీవు వినవని తెలుసు, కనీసం మొదటి నెల ఆ నీళ్ళ జోలికి పోవద్దు.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది నీ మార్కుల సంగతి. అక్కడి పరీక్షలు ఫిబ్రవరి చివరిదాకా సాగుతాయి, ఇక్కడేమో తరగతులు అంతకు ముందే మొదలైపోతాయి. మన విశ్వవిద్యాలయాలలో చాలావాటికి 75 శాతం హాజరు నియమం ఉంది. నీవు ఏ తేదీ వరకు అక్కడ చదువులో ఉన్నావో తెలిపే ధ్రువపత్రాన్ని అక్కడి అంతర్జాతీయ కార్యాలయం నుంచి తెప్పించుకుని, పరీక్షల ముందు హాజరు చాలనివాళ్ళ పట్టీ అంటించేదాకా ఆగకుండా, ఇప్పుడే విభాగాధిపతికి రాతపూర్వకంగా ఇవ్వు. ఆ తర్వాత గ్రేడ్లు. జర్మనీలో 1.0 అత్యుత్తమం, 4.0 వస్తే ఉత్తీర్ణత, 5.0 అంటే తప్పినట్టు. పదికి తొమ్మిది గొప్ప అని లెక్కపెట్టే మన పరీక్షల విభాగంలో గుమాస్తా నీ 1.3 చూసి జాలిపడితే తప్పు అతనిది కాదు. ట్రాన్స్‌క్రిప్టుతో, అంటే అక్కడి మార్కుల పత్రంతో, పాటు ఆ విశ్వవిద్యాలయపు గ్రేడ్ల వివరణ పట్టిక కూడా ముద్రతో తెప్పించి, రెండూ కలిపి సమర్పించు. క్రెడిట్ల లెక్క కూడా అంకెకు అంకె సరిపోదు. ఈసీటీఎస్ అనే ఐరోపా క్రెడిట్ల పద్ధతిలో సెమిస్టరుకు 30 క్రెడిట్లు, ఒక్కొక్కటి 25 నుంచి 30 గంటల పని, అందులో గదిలో కూర్చుని చదివిన గంటలూ కలుస్తాయి. మన దగ్గర క్రెడిట్ అంటే సాధారణంగా సెమిస్టరు పొడవునా వారానికి ఒక గంట పాఠం. వెళ్ళేముందు సంతకాలు చేయించిన లెర్నింగ్ అగ్రిమెంటులో ఏ కోర్సుకు ఏది సమానమని రాసుకున్నారో దాని మీదే నిలబడు, మధ్యలో అక్కడ కోర్సు మార్చుకుని ఉంటే ఆ మార్పుకు ఇక్కడివాళ్ళు ఒప్పుకున్న మెయిలు వెతికి అచ్చు తీసి పెట్టుకో. విద్యార్థుల క్రెడిట్లు ఆన్‌లైన్‌లో జమచేసి ఉంచే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో ఖాతా నీదే అయినా అందులో జమచేయవలసింది విద్యాసంస్థ, కాబట్టి "ఆన్‌లైన్‌లో వచ్చేస్తుందిలే" అని ఎవరైనా అంటే నమ్మవద్దు.

జర్మనీ వైపు తెగని ముడులు ఉంటే వాటిని కూడా ఈ నెలలోనే తెంచు. ఊరు వదిలినట్టు ఇచ్చే అబ్‌మెల్డుంగ్ పత్రం తీసుకున్నావా? అది చూపించి రేడియో, టీవీ రుసుము నుంచి పేరు తీయించుకోకపోతే నెలకు 18.36 యూరోల చొప్పున లెక్క పెరుగుతూనే ఉంటుంది, నోటీసులు ఆ పాత గది తలుపుకే వెళ్తాయి. ఆరోగ్య బీమా, ఫోను ఒప్పందం రద్దయినట్టు రాతలో తీసుకున్నాకే బ్యాంకు ఖాతా మూయించు.

బంధువుల విషయం సులభం. అక్కడ జీతాలెంత, మళ్ళీ ఎప్పుడు వెళ్తావు, తిండికి ఇబ్బంది పడ్డావా అని అడుగుతారు, రెండు నిమిషాలు వింటారు, ఆపైన వాళ్ళబ్బాయి డల్లాస్ సంగతులు చెబుతారు. నొచ్చుకోకుండా రెండు నిమిషాల జవాబు ఒకటి సిద్ధం చేసుకో. స్నేహితుల దగ్గర మాత్రం ముందు నీవు అడుగు, ఆరు నెలల్లో వాళ్ళ జీవితాల్లోనూ సంగతులు జరిగి ఉంటాయి. ప్రతి మూడో వాక్యం "అక్కడైతే" అని మొదలుపెడితే ఎంత మంచివాళ్ళైనా విసుగుపడతారు.

పూర్తి కథ వినేవాళ్ళు వేరే చోట ఉన్నారు. బంజారాహిల్స్‌లోని గోథె సెంట్రమ్‌లో పై తరగతిలో చేరితే నీ జర్మన్ తుప్పు పట్టకుండా ఉంటుంది, అక్కడివాళ్ళకు ఆ దేశం కబుర్లు ఎంత చెప్పినా చాలవు. అంతకంటే నాకు నచ్చిన మార్గం మరొకటి ఉంది. గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయానికి స్టడీ ఇన్ ఇండియా కార్యక్రమం కింద విదేశీ విద్యార్థులు నీలాగే ఒక్క సెమిస్టరు ఉండి పోవడానికి వస్తారు, ఉస్మానియాలోనూ చాలా దేశాల పిల్లలు చదువుతున్నారు. ఆటోవాడితో బేరం ఎలా ఆడాలో, హాస్టలు నీళ్ళు తాగవచ్చో లేదో తెలియక నిలబడినవాళ్ళకు, పోయిన అక్టోబరులో అదే స్థితిలో ఉన్న నీకంటే బాగా ఎవరు చెప్పగలరు?

ఈ ఆదివారం నల్లకుంటకు రా. ట్రాన్స్‌క్రిప్టు రాకపోయినా లెర్నింగ్ అగ్రిమెంటు, అక్కడి కోర్సుల వివరాలు వెంట తెచ్చుకో; విభాగాధిపతికి ఇవ్వవలసిన లేఖ ఇద్దరం కూర్చుని రాద్దాం, సోమవారం నీవే వెళ్ళి ఇచ్చి రసీదు తీసుకో. నాన్నగారి కారులో వద్దు, బస్సులో రా.

ఇట్లు,
పెద్దమ్మ