రొయ్యల లెక్కల యాప్ టెస్టింగ్ బయటికి ఇవ్వాలంటే

మీరడిగింది ఇదీ: భీమవరంలో నలుగురు డెవలపర్లతో రొయ్య రైతులకి, మేత షాపులకి లెక్కల యాప్ నడుపుతున్నారు. టెస్టింగ్‌ని హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉన్న కంపెనీకి ఇవ్వచ్చా, ఇస్తే ఎంతవరకు అని.

ఇవ్వచ్చండి. కానీ "ఇది ఇలా రావాలి" అని మీరు రాసిచ్చినదానికి తేడా వస్తేనే బయటి టెస్టర్ పట్టుకోగలడు. మీరు రాయని నియమం అతనికి లేనట్టే. అందుకని కంపెనీని వెతికే ముందు మీ లెక్కలన్నీ కాగితం మీద పెట్టండి.

చెరువు విస్తీర్ణమే తీసుకోండి. రెండెకరాల ఐదు సెంట్లని చాలామంది 2.5 అని కొట్టేస్తారు. కొట్టాల్సింది 2.05. యాప్ దాన్ని రెండున్నర ఎకరాలు అనుకుంటుంది, 45 సెంట్లు ఎక్కువ. ఎకరానికి రొయ్యపిల్ల ఎంత వేశారు, మేత ఎంత పడింది అనే లెక్కలన్నీ దాని వెనకే తప్పుతాయి. టెస్టర్ చూపులో మాత్రం 2.5 సరైన అంకె, ఫీల్డ్ తీసుకుంది, పాస్. పైగా తెలంగాణ లెక్కకి అలవాటుపడ్డ మనిషి 2.20 అని చూస్తే రెండెకరాల ఇరవై గుంటలు అనుకుంటాడు, అంటే రెండున్నర ఎకరాలు. మన దగ్గర అది రెండెకరాల ఇరవై సెంట్లు. ఎకరాలకి ఒక గడి, సెంట్లకి ఒక గడి పెట్టండి. సెంట్ల గడిలో 0 నుంచి 99 దాకానే తీసుకోవాలని రాసివ్వండి. అలా రాసిస్తే టెస్టర్ 99, 100, ఖాళీ, మైనస్ 1 అన్నీ కొట్టి చూస్తాడు.

కౌంటు (కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ సంఖ్య) కూడా అంతే. రెండు కేజీల శాంపిల్‌లో 91 రొయ్యలు వస్తే కౌంటు 45.5. దాన్ని 45కి దించుతారా, 46కి పెంచుతారా, ధరల పట్టికలో 40 కౌంటుకీ 50 కౌంటుకీ మధ్య ధర ఎలా కడతారు? ఒక్క కౌంటుకి కేజీ మీద 3 రూపాయలు తేడా అనుకుంటే 3 టన్నుల పట్టుబడిలో 9,000 రూపాయలు అటో ఇటో పోతాయి. 45.4, 45.5, 45.6లకి ఎంత రావాలో జవాబులతో సహా పట్టిక ఇవ్వండి. పది వరుసల పట్టిక వంద పేజీల వివరణ కంటే బాగా పనిచేస్తుంది.

ఏం బయటికి ఇవ్వాలంటే, ప్రతి విడుదలకీ మళ్లీ మళ్లీ చేయాల్సిన రిగ్రెషన్ (కొత్త మార్పు వల్ల పాతవి చెడలేదని చూడటం), రకరకాల ఫోన్ల మీద పరీక్ష, లోడ్ టెస్టింగ్ (ఒకేసారి చాలామంది వాడితే తట్టుకుంటుందా అని చూడటం). యూనిట్ టెస్టులు, అంటే కోడ్‌లో ఒక్కో ముక్కకి విడిగా పెట్టే పరీక్షలు, డెవలపర్లే రాయాలి. విడుదల చేయాలా వద్దా అన్న మాట ఎప్పటికీ మీ దగ్గరే ఉండాలి. ఖర్చు అంచనాకి, ఒక్కో టెస్ట్ కేసుకి (అంటే ఒక్కో పరీక్షకి) 8 నిమిషాలు పడితే 240 కేసులకి 32 గంటలు, అంటే ఒక మనిషికి నాలుగు రోజులు. అవన్నీ ఐదు ఫోన్ల మీదా అంటే ఇరవై రోజులు. అంత అక్కర్లేదు. ముఖ్యమైన 30 కేసులు ఏరి అవే అన్ని ఫోన్ల మీదా చేయించండి. ఆ ముప్పైలో ఈ రెండూ తప్పకుండా ఉండాలి.

ఒకటి, గట్టు మీద సిగ్నల్ పోవడం. మేత 4 బస్తాలు, 100 కేజీలు అని సేవ్ నొక్కి, వెంటనే ఫ్లైట్ మోడ్ పెట్టి, నిమిషం ఆగి తీసి, మళ్లీ సేవ్ నొక్కాలి. ఎంట్రీ ఒక్కటే ఉండాలి. సర్వర్‌కి చేరింది కానీ జవాబు ఫోన్‌కి రాలేదంటే యాప్ మళ్లీ పంపుతుంది, రైతు ఖాతాలో 200 కేజీలు పడతాయి. ప్రతి ఎంట్రీకీ ఫోన్‌లోనే ఒక ప్రత్యేక సంఖ్య పుట్టించి, అదే సంఖ్య రెండోసారి వస్తే సర్వర్ వదిలేయాలి.

రెండోది తెలుగు. "శ్రీ" కంటికి ఒకే అక్షరం. కంప్యూటర్ అక్షరాలకి సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో నాలుగు కోడ్‌లు, వాటిని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 12 బైట్లు. పేరుని బైట్ల లెక్కన కత్తిరించే ప్రోగ్రామ్ ఉంటే బిల్లు మీద సగం అక్షరం మిగులుతుంది. ఎస్ఎంఎస్‌లో ఇంగ్లిష్ అయితే ఒక మెసేజ్‌కి 160 అక్షరాలు పడతాయి, తెలుగు వస్తే 70 కోడ్‌లే. కాబట్టి పొడుగు పేరున్న రైతుకి మెసేజ్ ఎన్ని ముక్కలైందో కూడా చూడమనండి, డబ్బు ముక్కల లెక్కన పోతుంది.

కంపెనీని ఎంచడానికి రెండు వారాల ట్రయల్ పెట్టండి. మీ గిట్ (కోడ్ మార్పుల చిట్టా) చరిత్రలోంచి ఇదివరకు సరిచేసిన 10 బగ్‌లు తీసి ఒక బ్రాంచ్‌లో (కోడ్‌కి విడి కాపీలో) మళ్లీ పెట్టి ఇవ్వండి: లెక్కలవి మూడు, సింక్‌వి (ఫోన్‌లోదీ సర్వర్‌లోదీ కలపడానివి) మూడు, తెలుగువి రెండు, ఒకరి ఖాతా ఇంకొకరికి కనపడేవి రెండు. ఎన్ని పట్టారన్నదే కాకుండా ఎలా రాశారో చూడండి. ఆ రిపోర్టుని సంగతి తెలియని డెవలపర్‌కి ఇస్తే, ఫోన్ చేసి అడగకుండా బగ్‌ని మళ్లీ రప్పించగలగాలి. రిపోర్టులో ఉండాల్సినవి: బిల్డ్ (పరీక్షించిన యాప్ కాపీ) నంబరు, ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, నెట్ ఉందా లేదా, వరుసగా నొక్కినవి, రావాల్సింది, వచ్చింది, పదిసార్లు చేస్తే ఎన్నిసార్లు వచ్చింది, స్క్రీన్ రికార్డింగ్. ఇవి లేని రిపోర్టు వెనక్కి పంపేయండి.

బగ్‌కి ఇంత అని మాత్రం డబ్బు ఇవ్వకండి. రంగు తేడా, కామా తేడా అని వందలొస్తాయి, డబ్బు లెక్క తప్పిన ఒక్క బగ్ వాటి కింద పడి ఉంటుంది. విడుదలకి ఇంత అనో, ఇద్దరు మనుషులకి నెలకి ఇంత అనో మాట్లాడుకోండి. ఆ ఇద్దరినీ చెప్పకుండా మార్చకూడదని ఒప్పందంలో రాయించండి. కొత్త మనిషి వస్తే సెంట్లు, కౌంటు మళ్లీ మొదటినుంచీ చెప్పాలి. టెస్ట్ కేసులు, ఆటోమేషన్ స్క్రిప్టులు మీ రిపోలో (కోడ్ దాచే చోట), మీ జిరా (బగ్‌లు, పనులు రాసిపెట్టే సాఫ్ట్‌వేర్) ఖాతాలోనే ఉండాలి. వాళ్ల దగ్గర ఉంటే విడిపోయిన రోజున చేతిలో ఏమీ మిగలదు.

వాళ్లకి లైవ్ డేటాబేస్ కాపీ ఇవ్వకండి. అందులో రైతుల ఫోన్ నంబర్లు, అప్పులు ఉంటాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం పని బయటికి ఇచ్చినా బాధ్యత మీదే. పేర్లు, నంబర్లు మార్చేసి, అంకెల తీరు మాత్రం అలాగే ఉంచి ఇవ్వండి.

వాళ్లు పాస్ అన్నాక కూడా విడుదలకి ముందురోజు మీ మనిషి ఒకరు పాత పట్టుబడి బిల్లులు ఐదు తీసుకుని కొత్త బిల్డ్‌లో కొట్టాలి. షాపు గుమస్తా పుస్తకంలో ఉన్న మొత్తంతో పైసల దాకా కలవాలి. ఒక్కటి తేడా వచ్చినా ఆ బిల్డ్ ఆపేయండి.