అపార్ట్‌మెంట్లో కుక్కలు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు అపార్ట్‌మెంట్ కుక్కల గొడవలే. పెంచుకునేవాళ్ళు రాశారు, భయపడేవాళ్ళు రాశారు, మధ్యలో నలిగిపోతున్న సెక్రటరీ గారొకరు కూడా రాశారు. అందుకే ఈసారి కాలమ్ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: మేడమ్, మాది ఏడో అంతస్తు, సొంత ఫ్లాటే. మా లాబ్రడార్ బ్రూనోకి తొమ్మిదేళ్ళు, వెనక కాళ్ళ కీళ్ళు అరిగిపోయాయి. మొన్న జనరల్ బాడీ మీటింగ్‌లో కుక్కల్ని లిఫ్టు ఎక్కించొద్దు, మెట్ల మీదే తీసుకెళ్ళాలి, ఎక్కిస్తే వెయ్యి రూపాయల ఫైన్ అని తీర్మానం చేసేశారు. చేతులెత్తమంటే అందరూ ఎత్తారు, ఎత్తనిది మేము ముగ్గురమే. మెజారిటీ అంటే ఇంక అంతేనా?
(పాఠకురాలు, మియాపూర్)

జవాబు: కాదమ్మా, అంతే కాదు. భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే అసోసియేషన్లకి మార్గదర్శకాలు ఇచ్చింది. ఎంతమంది ఓటేసినా సరే పెంపుడు కుక్కల్ని నిషేధించే అధికారం అసోసియేషన్‌కి లేదని అందులో స్పష్టంగా ఉంది, లిఫ్టు వాడొద్దనకూడదు, వాడినందుకు విడిగా డబ్బులు అడక్కూడదు, ఫలానా జాతే ఉండాలి ఇంత సైజే ఉండాలి అనకూడదు. 2021లో కేరళ హైకోర్టయితే పెంపుడు జంతువులు వద్దనే బైలాలే చెల్లవని తీర్పిచ్చింది. అది వేరే రాష్ట్రం హైకోర్టు కాబట్టి మీ అసోసియేషన్‌ని నేరుగా కట్టిపడెయ్యదు, కానీ మాట్లాడేటప్పుడు గట్టిగా పనికొస్తుంది. ఈ రెండూ ప్రింట్ తీసి, బ్రూనో కీళ్ళ గురించి వెట్ దగ్గర ఒక చీటీ రాయించుకుని, తీర్మానం వెనక్కి తీసుకోమని కమిటీకి లెటర్ ఇవ్వండి, మీ కాపీ మీద అందినట్టు సంతకం పెట్టించుకోవడం మర్చిపోకండి.

కానీ ఆ లెటర్ ఇచ్చే ముందు చేతులెత్తినవాళ్ళ ఇళ్ళకి ఒకసారి వెళ్ళిరండి. ఎందుకు చెప్తున్నానంటే నాకిది అనుభవం. కొన్నేళ్ళ కిందట మా కుక్క చిన్నూతో నాలుగో అంతస్తు నుంచి దిగుతున్నా, రెండో అంతస్తులో లిఫ్టు ఆగింది, తలుపు తెరుచుకునేసరికి ఎదురుగా ఒక మామ్మగారు, చేతిలో గుడికి తీసుకెళ్ళే పూలసజ్జ. చిన్నూ ఏమీ చెయ్యలేదు, తోకూపుకుంటూ ఒక్కడుగు ముందుకేశాడు అంతే. ఆవిడ గోడకి అతుక్కుపోయారు, సజ్జ జారిపోయి మందారాలు, నందివర్ధనాలు కారిడార్ అంతా పడ్డాయి. నేనేమో "ఏం చెయ్యడండి, ఏం చెయ్యడండి" అంటూనే ఉన్నా. గజగజ వణికిపోతున్న మనిషికి ఆ మాట ఎందుకు పనికొస్తుంది చెప్పండి. పూలు ఏరిచ్చి ఇంటి దాకా దింపి వచ్చాక తెలిసింది, చిన్నప్పుడు ఊళ్ళో కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లు పొడిపించుకున్నారట ఆవిడ. కింద పార్కులో చిన్నూ అంత దూరంలో తిరుగుతుంటే ఆవిడకే ఇబ్బందీ లేదు, తలుపు తెరవగానే మొహం మీద కనపడితేనే ప్రాణం పోతుంది.

అప్పట్నుంచి మేము ఎక్కగానే వెనక మూలకి వెళ్ళిపోతాం, లీష్, అంటే మెడపట్టీకి కట్టే తాడు, బాగా కురచగా పట్టుకుంటా, చిన్నూని గోడ వైపు కూర్చోబెట్టి నా కాళ్ళు అడ్డం పెడతా. మధ్యలో తలుపు తెరుచుకుంటే నేనే ముందు అడుగుతా, "ఎక్కుతారా, మమ్మల్ని వెళ్ళిపొమ్మంటారా" అని. ఆ ఒక్క ప్రశ్నతో ఎదుటివాళ్ళ మొహంలో బిగువు సడలిపోవడం కళ్ళారా చూశానమ్మా. మీ బ్లాకులో రెండు లిఫ్టులుంటే ఒకటి కుక్కలకని మీరే ప్రతిపాదించండి, దాని తలుపు పక్కన చిన్న బొమ్మ అంటిస్తే భయమున్నవాళ్ళు రెండోది నొక్కుకుంటారు. ఫైన్ల కంటే ఇదే ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం.

ప్రశ్న: ఎప్పుడు చూసినా కుక్కలున్నవాళ్ళ హక్కుల గురించే రాస్తారు. మా పాపకి ఆరేళ్ళు, సాయంత్రం ఆడుకోడానికి దిగాలంటేనే ఏడుస్తుంది. ఒకాయన లీష్ లేకుండా పెద్ద కుక్కని వదిలేస్తాడు, అడిగితే "ఫ్రెండ్లీ అండి" అంటాడు. మాకు హక్కులు లేవా?
(ఒక తల్లి, గుంటూరు)

జవాబు: ఎందుకు లేవండీ, పాప భయం లేకుండా ఆడుకోవడం ఆ కుక్క పరుగెత్తడం కంటే ముందు. కామన్ ఏరియాలో లీష్ ఉండాల్సిందే, నేను కుక్కని ప్రాణంగా పెంచుకునేదాన్నే అయినా ఇందులో మీ వైపే. ఫ్రెండ్లీనా కాదా అన్నది ఆయనకి తెలుసు, పాపకి తెలీదుగా. అన్ని కుక్కలకీ మజిల్, అంటే కరవకుండా మూతికి పెట్టే తొడుగు, తొడగాలని రూల్ పెట్టే వీల్లేదని ఇందాక చెప్పిన మార్గదర్శకాల్లో ఉంది గానీ, లీష్ కోసం పట్టుబట్టడంలో తప్పే లేదు. విడిగా గొడవపడకుండా కమిటీ ద్వారా చెప్పించండి, పిల్లలు ఆడుకునే టైమ్, కుక్కలు తిరిగే టైమ్ వేరుగా పెట్టమనండి. మనకి ఎండాకాలంలో ఎలాగూ పొద్దున్న ఆరున్నర లోపే తిప్పుకోవాలి, తర్వాత సిమెంటు నేల కాలిపోయి వాటి పాదాలు బొబ్బలెక్కుతాయి, కాబట్టి పొద్దున్న కుక్కలవాళ్ళకి, సాయంత్రం ఐదు నుంచి ఏడు పిల్లలకి అంటే ఎవరూ పెద్దగా కాదనరు.

పాపకి మీరు నేర్పాల్సినవి కూడా ఉన్నాయి. కుక్క దగ్గరికొస్తే పరుగెత్తొద్దు, అరవొద్దు, చేతులు కిందకి వదిలేసి చెట్టులా నిలబడమనండి, కళ్ళలోకి చూడకుండా పక్కకి చూడమనండి. పరుగెత్తితే మంచి కుక్క కూడా ఆటనుకుని వెంటపడుతుంది. తినే కుక్కని, పడుకున్న కుక్కని, కూనలున్న తల్లికుక్కని అస్సలు ముట్టుకోకూడదు. దగ్గరికి తీసుకెళ్ళి బలవంతంగా తాకించి భయం పోగొడదామని మాత్రం చూడకండి, ఎక్కువవుతుంది. నెమ్మదైన కుక్క ఏదైనా ఉంటే దూరంగా బెంచి మీద కూర్చుని రోజూ పది నిమిషాలు చూడనివ్వండి చాలు, దగ్గరికెప్పుడు వెళ్ళాలో పాపే చెప్తుంది.

ఇంకొకటి, ఏ కుక్కయినా గీరినా కరిచినా వెంటనే ట్యాపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి ఏవీ పెట్టకూడదు, మన ఇళ్ళల్లో ఇంకా పెడుతున్నారు. కుక్కకి టీకా వేయించామని వాళ్ళు చెప్పినా సరే ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, రేబిస్ లక్షణాలు మొదలయ్యాక కాపాడే మందు లేదు. ప్రభుత్వాసుపత్రుల్లో టీకా ఉచితం, హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నవాళ్ళకి నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్), నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి తెలిసినవే.

ప్రశ్న: మాది విశాఖలో నూటపాతిక ఫ్లాట్ల అపార్ట్‌మెంట్, నేను సెక్రటరీని. ఇరవై కుక్కల దాకా ఉన్నాయి. మాకు పెద్ద ఫండ్ లేదు, పెట్ పార్కులు కట్టలేం. తక్కువలో ఏం చెయ్యొచ్చు?
(అసోసియేషన్ సెక్రటరీ, మధురవాడ)

జవాబు: సార్, మీరు ఇలా అడిగినందుకే సగం సంతోషం. హైదరాబాద్ కొండాపూర్లో 2018లో ఎకరం పైన స్థలంలో కుక్కల పార్కు పెట్టారు, అంతలేసి మనకక్కర్లేదు. జనరేటర్ రూమ్ వెనకో, ప్రహరీ పక్కనో పది పన్నెండడుగుల జాగా ఉంటుందిగా, అక్కడ ఒక ట్రాక్టరు ఇసుక పోయించండి, మూతున్న డస్ట్‌బిన్ ఒకటి, నీళ్ళ ట్యాపొకటి, మేకుకి ఒక సంచీలో పాత న్యూస్‌పేపర్లు. చేతిలో పేపరు లేక కుక్క మలం అక్కడే వదిలేసి వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ, సంచీ కనపడితే తీస్తారు. దానికి ఫైన్లు వేసే జోలికి పోకండి, అది కూడా ఆ మార్గదర్శకాల ప్రకారం కుదరదు, చెప్పి చేయించుకోవాల్సిందే. ఆ మలం మాత్రం కూరగాయల కంపోస్టులో వెయ్యకూడదు, నులిపురుగుల గుడ్లు ఉంటాయి. మొక్కల్లో ఉచ్చ పోయించకుండా ఇసుకకే అలవాటు చేస్తే తోటమాలి గొడవ కూడా తీరిపోతుంది.

తర్వాత ఒక రిజిస్టర్ పెట్టండి, ఫ్లాట్ నంబరు, కుక్క పేరు, ఫోటో, రేబిస్ టీకా తేదీ, మున్సిపల్ లైసెన్స్ నంబరు. సెప్టెంబర్ 28 ప్రపంచ రేబిస్ దినం, ఆ వారంలో వెట్‌ని మీ సెల్లార్‌కే పిలిపించి కుక్కలన్నిటికీ ఒకేసారి టీకాలు వేయించండి, భయపడే ఇళ్ళవాళ్ళని కూడా పిలవండి, టీకా వేస్తుంటే కళ్ళతో చూశాక వాళ్ళ మాట మారుతుంది. వానాకాలం సెల్లార్లో నీళ్ళు నిలవనివ్వకండి, ఎలుకల ఉచ్చ కలిసిన నీళ్ళ వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది, కుక్కలకీ వస్తుంది మనుషులకీ వస్తుంది.

గేటు దగ్గర వీధికుక్కల సంగతి కూడా అడిగేవారే, నేనే చెప్పేస్తా. 2023 ఏబీసీ రూల్స్ (వీధికుక్కల సంతాన నియంత్రణ నిబంధనలు) ప్రకారం వాటికి తిండి పెట్టే చోటు చూపించాల్సింది అసోసియేషనే, పిల్లలు ఆడే చోటుకి, గేట్లకి, మెట్లకి దూరంగా ఉండాలి. వాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకా అయ్యేలా మున్సిపాలిటీ వాళ్ళకి ఫోన్ చెయ్యడం మీ పని. వాచ్‌మన్‌కి కర్రిచ్చి తరమమంటే మాత్రం అవి మనుషుల్ని చూస్తేనే మొరగడం మొదలుపెడతాయి.

ప్రశ్న: పక్క ఫ్లాట్ వాళ్ళిద్దరూ ఆఫీసుకెళ్తారు. కుక్కని బాల్కనీలో గొలుసుతో కట్టేసి పోతారు, అది పొద్దున్నుంచీ ఒకటే ఏడుపు. వినలేకపోతున్నాం. కంప్లయింట్ ఇస్తే వాళ్ళు కుక్కని ఎక్కడైనా వదిలేస్తారేమోనని భయం.
(రిటైర్డ్ టీచర్, వరంగల్)

జవాబు: మాస్టారూ, విసుక్కోకుండా దాని గురించి ఆలోచించారు, చాలా సంతోషం. మొరిగినంత మాత్రాన కుక్కని తీసెయ్యమనకూడదు గానీ, అలా కట్టేసి ఉంచడం మాత్రం తప్పే. 1960 జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్లో కురచ గొలుసుతో గంటల తరబడి కట్టెయ్యడం, కట్టేసిన కుక్కని తిప్పకపోవడం రెండూ నేరాలుగా రాసి ఉన్నాయి. అయినా చట్టం దాకా పోనక్కర్లేదనిపిస్తోంది, వాళ్ళు ఇంట్లో ఉన్నప్పుడు అది అరవదు కాబట్టి ఇంత ఏడుస్తోందని వాళ్ళకి తెలిసే ఉండదు. రేపు మధ్యాహ్నం మీ ఫోన్‌లో ఓ పది నిమిషాలు రికార్డ్ చెయ్యండి. ఆదివారం సాయంత్రం వెళ్ళి కూర్చుని, ఫిర్యాదులా కాకుండా "ఇది విన్నారా బాబూ, పాపం ఎంత ఏడుస్తోందో" అని వినిపించండి. పొద్దున్న ఆఫీసుకి ముందు ముప్పావు గంట తిప్పి, వాసనలు చూడనిచ్చి, గొలుసు విప్పి ఇంట్లోనే వదిలెయ్యమనండి, నవలడానికి ఏదైనా ఇచ్చి పొమ్మనండి. మీకు ఓపికుంటే మధ్యాహ్నం ఒక్కసారి తాళం తీసి చూస్తానని చెప్పండి, చాలామంది సిగ్గుపడి అడగరు గానీ ఎవరైనా అంటే చాలని ఎదురుచూస్తుంటారు.