జర్మనీ రెసిడెన్స్ కార్డు రాకముందే ఇండియా వెళ్లి తిరిగి రావచ్చా: ముందు మూడో గడి చూసుకోండి

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. జర్మనీలో ఉద్యోగం చేస్తున్నారు. రెసిడెన్స్ కార్డు గడువు గత నెలలో అయిపోయింది. గడువు తీరకముందే రెన్యువల్‌కి అప్లై చేశారు, కొత్త కార్డు ఇంకా రాలేదు. వచ్చే నెల గుంటూరులో మీ అక్క పెళ్లి. వెళ్తే మళ్లీ జర్మనీలోకి రానిస్తారా?

రానిస్తారండీ. అయితే అది మీ చేతిలో ఏ కాగితం ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. "అప్లై చేశాను, మెయిల్ కూడా వచ్చింది కదా" అన్న ధైర్యంతో మాత్రం దయచేసి విమానం ఎక్కకండి. జర్మనీలో ఉన్నంతకాలం ఆ మెయిల్ మీ అప్లికేషన్‌కి సాక్ష్యంగా పనికొస్తుంది. ఎయిర్‌పోర్టులో దాన్ని ఎవరూ చూడరు.

2023 నవంబరులో నేను సరిగ్గా ఇదే పరిస్థితిలో వెళ్లి వచ్చాను. నాన్నకు గుండె ఆపరేషన్ చేయాలన్నారని ఖమ్మం నుంచి అమ్మ ఫోన్ చేసింది. అప్పటికి నా కార్డు గడువు తీరి ఐదు వారాలు. రెండు నెలల ముందే అప్లై చేసినా, జర్మనీలో నేనుండే ఊరి విదేశీయుల ఆఫీసు (ఈ కార్డులు ఇచ్చేది వాళ్లే) నుంచి "దరఖాస్తు అందింది, వరుసలో చూస్తాం" అన్న ఆటోమేటిక్ జవాబు తప్ప ఏమీ రాలేదు. ఆ రాత్రి టికెట్ల పేజీ తెరిచి పెట్టుకుని తెల్లారేదాకా కూర్చున్నాను. వెళ్లకపోతే నాన్న పక్కన ఉండలేను. వెళ్లాక రానివ్వకపోతే ఉద్యోగం ఏమవుతుంది, అద్దె ఇల్లు ఏమవుతుంది? ఆ టెన్షన్ ఎలా ఉంటుందో తెలుసు కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

జర్మనీ రెసిడెన్స్ చట్టంలో 81వ సెక్షన్ ఉంది. అందులో 4వ భాగం ప్రకారం, రెసిడెన్స్ పర్మిట్ (మీ కార్డు అదే) గడువు తీరకముందే పొడిగింపుకో, మరో రకం పర్మిట్‌కో అప్లై చేసినవాళ్లకు, ఆఫీసు ఏదో ఒకటి తేల్చేదాకా పాత పర్మిట్ నడుస్తున్నట్టే లెక్క. ఆ సంగతి రాతపూర్వకంగా ఇచ్చే కాగితం పేరు ఫిక్సియోన్స్‌బెషైనిగుంగ్. ఇక్కడ నేను ఫిక్షన్ పేపర్ అని రాస్తాను. ఫీజు 13 యూరోలు. మీకు కావాల్సింది అదే. కొన్ని ఆఫీసులు వాటంతట అవే ఇస్తాయి, చాలాచోట్ల అడిగితేనే ఇస్తారు.

పేపర్ చేతికి రాగానే మూడో పేజీ తెరవండి. అక్కడ మూడు గళ్లు ఉంటాయి. ఏదో ఒకదానిలో గుర్తు పెట్టి ఉంటుంది. మొదటి గడి, అసలు రెసిడెన్స్ పర్మిటే లేకుండా చట్టబద్ధంగా ఉంటూ ఇక్కడే మొదటిసారి అప్లై చేసినవాళ్లది. రెండోది అలాగే ఉంటూ ఆలస్యంగా అప్లై చేసినవాళ్లది. ఈ రెంటిలో ఏ ఒక్కదానిలో గుర్తున్నా జర్మనీలో ఉండనిస్తారు గానీ, బయటికి వెళ్తే ఆ పేపర్ మీద తిరిగి రావడం కుదరదు. మూడో గడి మీది, నాది. దాని పక్కన "ఫోర్ట్‌బెస్టేయెంట్" అన్న మాట, సెక్షన్ 81, భాగం 4 అన్న అంకెలు కనిపిస్తాయి. పాత పర్మిట్ కొనసాగుతోంది అని దాని అర్థం. గుర్తు అక్కడ ఉంటేనే టికెట్ కొనండి.

రెండో సంగతి ఇంతకన్నా ముఖ్యం, చాలామందికి తెలియదు కూడా. ఆ పేపర్ ఒక్కటే సరిపోదు. గడువు తీరిన పాత కార్డుతో కలిపి చూపిస్తేనే లోపలికి రానిస్తారు. షెంగెన్ దేశాలు, అంటే తమ మధ్య సరిహద్దు తనిఖీలు తీసేసుకున్న యూరప్ దేశాలు, గుర్తించే రెసిడెన్స్ పర్మిట్ల జాబితాను యూరోపియన్ కమిషన్ ప్రచురిస్తుంది. అందులో జర్మనీ కింద ఈ పేపర్ పేరు ఉంది. మూడో గడిలో గుర్తు ఉండాలని, గడువు తీరిన పర్మిట్ గానీ వీసా గానీ వెంట ఉంటేనే ప్రవేశమని అక్కడే రాసి ఉంది. కొత్తగా వచ్చి ఇంకా మొదటి కార్డు కూడా అందుకోనివాళ్లకు, పాస్‌పోర్టులో అతికించిన నేషనల్ వీసాయే (ఎక్కువకాలం ఉండటానికి జర్మనీ ఇచ్చే వీసా) ఆ పాత కార్డు స్థానంలో పనిచేస్తుంది. మధ్యలో పాస్‌పోర్టు రెన్యువల్ అయి ఉంటే, వీసా ఉన్న పాత పాస్‌పోర్టు కూడా పట్టుకెళ్లాలి. టూరిస్టు తరహా షెంగెన్ వీసాకు మాత్రం ఈ 4వ భాగం వర్తించదు.

మా ఆఫీసులో నాతో పనిచేసే ఒడిశా అబ్బాయి "గడువు అయిపోయింది కదా, ఇక దీనితో పనేముంది" అని పాత కార్డును ఇంట్లో సొరుగులో పెట్టేసి వెళ్లాడు. భువనేశ్వర్‌లో చెక్-ఇన్ దగ్గర ఆగిపోయాడు. రూమ్‌మేట్ కార్డు కొరియర్ చేసి, అది చేరేసరికి తొమ్మిది రోజులు పట్టింది, టికెట్ డబ్బులు పోయాయి. కార్డు ఇంట్లో ఉంది కాబట్టి అంతటితో సరిపోయింది. అసలు పారేసి ఉంటే జర్మన్ కాన్సులేట్‌లో తిరిగి రావడానికే వీసాకు అప్లై చేసుకోవాల్సి వచ్చేది. మన రెండు రాష్ట్రాలవాళ్లకైతే అది చెన్నై కాన్సులేట్ పరిధి. అది ఒకటి రెండు రోజుల్లో తేలే పని కాదు.

ఇక పేపర్ ఎలా తెచ్చుకోవాలంటే, నేను చేసింది చెప్తాను. మామూలు మెయిల్‌కి జవాబు రాదని తెలిసి, సబ్జెక్టులోనే ప్రయాణం తేదీ, నా ఫైల్ నంబరు రాసి పంపాను. హాస్పిటల్ వాళ్లు ఇంగ్లీషులో ఇచ్చిన ఉత్తరం, అప్లై చేసిన రోజున వచ్చిన మెయిల్, పాస్‌పోర్టు, పాత కార్డు రెండు వైపులా స్కాన్ చేసి జతచేశాను. రెండు రోజులు చూసి, మూడో రోజు పొద్దున ఏడింటికే వెళ్లి ఆఫీసు గేటు ముందు నిలబడ్డాను. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. అపాయింట్‌మెంట్ లేదని ముందు లోపలికి వెళ్లనివ్వలేదు. ఆపరేషన్ తేదీ ఉన్న ఉత్తరం చూపిస్తే కూర్చోమన్నారు. గంటన్నర తర్వాత ఒకావిడ పిలిచి, ఇరవై నిమిషాల్లో పేపర్ ప్రింట్ చేసి చేతిలో పెట్టింది.

కారిడార్‌లో బెంచీ మీద కూర్చుని మడత విప్పాను. గుర్తు మూడో గడిలోనే ఉంది. ఊపిరి పీల్చుకుని మిగతాది చదువుతుంటే పాస్‌పోర్టు నంబరులో చివరి అంకె తేడాగా కనిపించింది, 6 ఉండాల్సిన చోట 8. వెంటనే మళ్లీ తలుపు తట్టాను. ఆవిడ విసుక్కోలేదు, మార్చి ఇచ్చింది. ఇంటికి వచ్చాక చూసుకుని ఉంటే మళ్లీ ఆ లైనులో నిలబడే టైమ్ నాకు లేదు. మీరు కూడా ఆ బిల్డింగ్ దాటకముందే పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు, చెల్లుబాటు తేదీ ఒక్కొక్కటే వేలు పెట్టి సరిచూసుకోండి.

మీది పెళ్లి కాబట్టి హాస్పిటల్ ఉత్తరమంత అర్జెంటుగా వాళ్లకు అనిపించకపోవచ్చు. అందుకే ఈ వారమే మొదలుపెట్టండి. శుభలేఖ జతచేయండి. తెలుగులో ఉంటే, పెళ్లి తేదీ, ఊరు, పెళ్లికూతురు మీకు సొంత అక్క అన్న ముక్క జర్మన్‌లో రాసి పెట్టండి.

తిరుగు ప్రయాణమే అసలు పరీక్ష. జర్మనీ సరిహద్దు పోలీసులకు ఈ పేపర్ రోజూ చూసేదే. ఇబ్బంది అంతా మన దేశంలో విమానం ఎక్కేముందు. హైదరాబాద్ చెక్-ఇన్ కౌంటర్లో ఉన్న అమ్మాయి నా కార్డు తిప్పి చూసి "సర్, ఇది ఎక్స్‌పైర్ అయిపోయింది" అంది. ఫిక్షన్ పేపర్ ఇచ్చాను. మొత్తం జర్మన్‌లో ఉంది, ఆమె దాన్ని ఎప్పుడూ చూడలేదు. ఆమె తప్పు కూడా కాదు. సరైన కాగితాలు లేనివాళ్లను తీసుకొస్తే, ఒక్కో ప్రయాణికుడికి 1,000 నుంచి 5,000 యూరోల దాకా ఎయిర్‌లైన్ మీద జరిమానా వేయడానికి జర్మనీ చట్టంలో వీలుంది. అందుకే వాళ్లు భయపడతారు.

నేను కమిషన్ జాబితాలో జర్మనీ పేజీ ఇంగ్లీషులో ప్రింట్ తీసి, ఆ లైను పసుపు రంగు పెన్నుతో గీసి తీసుకెళ్లాను. అది, పేపర్ మూడో పేజీ, పాత కార్డు మూడూ పక్కపక్కన పెట్టి, "మేడమ్, మీ సిస్టమ్‌లో జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ల కింద ఈ పేరు ఉంటుంది, ఒక్కసారి వెతకండి" అన్నాను. ఆమె సూపర్‌వైజర్‌ని పిలిచింది. ఆయన ఎవరికో ఫోన్ చేశాడు. నలభై నిమిషాలు పక్కన నిలబెట్టారు. ఈలోగా బయట కారులో కూర్చున్న అమ్మ నుంచి ఫోన్, "లోపలికి వెళ్లావా నాన్నా?" అని. "ఆ, అయిపోయిందమ్మా, మీరు బయల్దేరండి" అన్నాను. నాన్న ఇంట్లో ఒక్కరే ఉన్నారు మరి. ఇంకో పది నిమిషాలకు బోర్డింగ్ పాస్ వచ్చింది.

గల్ఫ్‌లో విమానం మారేచోట గేటు దగ్గర మళ్లీ అడిగారు, మళ్లీ అవే మూడు కాగితాలు చూపించాను. ఫ్రాంక్‌ఫర్ట్‌లో పోలీసాయన కార్డు, పేపర్ రెండూ చూసి, ఎప్పుడు అప్లై చేశావని ఒక్క మాట అడిగి పంపించేశాడు. అక్కడ రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

కాబట్టి ఎయిర్‌పోర్టుకు కనీసం నాలుగు గంటల ముందు చేరండి, ఆన్‌లైన్ చెక్-ఇన్ మీద ఆశ పెట్టుకోకండి. వీలైతే నేరుగా జర్మనీలో దిగే విమానమే తీసుకోండి. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు 2024లో నేరుగా విమానం మొదలైంది. కాస్త ఖరీదైనా చెకింగ్ ఒక్కసారితో పోతుంది. లండన్ మీదుగా చవగ్గా వస్తోందని మాత్రం తీసుకోకండి. అక్కడ విమానం మారడానికే మన పాస్‌పోర్టు వాళ్లకు వేరే రూల్స్ ఉన్నాయి, గడువు తీరిన కార్డుతో ఆ తలనొప్పి వద్దు.

పేపర్ మీద ఉన్న చెల్లుబాటు తేదీకి, మీ తిరుగు టికెట్‌కి మధ్య కనీసం రెండు వారాలు ఉంచుకోండి. ఇండియాలో కూర్చుని దాన్ని పొడిగించుకోలేరు. నాన్న డిశ్చార్జి వాయిదా పడి నేను తిరుగు టికెట్ పది రోజులు వాయిదా వేసుకున్నాను. పేపర్ గడువుకు నాలుగే రోజులు మిగిలాయి. ఆ పది రోజులూ నాన్న మంచం పక్కన కూర్చున్నా మనసు ఆ తేదీ మీదే ఉండేది. మీరు పెళ్లికి వెళ్తున్నారు, అలా గడపకండి.

మాస్టర్స్ పూర్తయి స్టూడెంట్ పర్మిట్ నుంచి ఉద్యోగ పర్మిట్‌కి మారుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది చదువుతుంటే ఒక మాట. పేపర్ వల్ల కొనసాగేది మీ పాత పర్మిటే, దాని షరతులతో సహా. కొత్త ఉద్యోగంలో ఫుల్ టైమ్ చేరవచ్చో లేదో పేపర్ మీద విడిగా రాసిచ్చారేమో చూసుకోండి, లేకపోతే ఆఫీసును అడిగాకే చేరండి.

పేపర్ రాగానే ఏ గడిలో గుర్తుందో, ఏ తేదీ దాకా ఇచ్చారో ఇక్కడే రాయండి. మీ పేరు, నంబర్లు మాత్రం పెట్టకండి. ఆఫీసుకు పంపే మెయిల్ జర్మన్‌లో రాయడం కష్టమనిపిస్తే చెప్పండి, ఈ ఆదివారం ఖాళీగానే ఉంటాను, రాసిస్తాను.