గొయ్యి పూడ్చకముందే చూడు

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. కోనసీమలో 220 కేవీ కరెంటు లైను పని నీ చేతికి వచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం.

టవర్లు లేపడం, తీగ లాగడం ఊరంతా చూస్తుంది. నీ కళ్లు మాత్రం గోతిలో ఉండాలి. టవర్ కుంగిపోతుందేమోనని కొత్తవాళ్లకి భయం. అసలు భయం వేరే. తుపాను గాలి తోసినప్పుడు అవతలి కాళ్లు నేలలోకి నొక్కుకుంటే, గాలి వచ్చే వైపు కాళ్లు పైకి లేవబోతాయి. వాటిని పట్టి ఉంచేది కాంక్రీటు బరువు, దాని మీది మట్టి బరువు. ఘనమీటరు కాంక్రీటు 2400 కిలోలు ఉంటుంది. ఊటనీటిలో మునిగితే, నీళ్లు పైకి తోస్తాయి కనక, అందులో అక్కరకొచ్చేది 1400 కిలోలే. అందుకే తడి నేలకి పెద్ద ఫౌండేషన్ ఇస్తారు. గోతిలో నీళ్లు పడ్డాక కూడా పొడి నేల డ్రాయింగుతో పోసేద్దామంటే పని ఆపించెయ్. 1996 నవంబరు 6 రాత్రి తుపాను చూసినవాళ్లెవరూ దీని మీద బేరమాడరు.

కాంక్రీటు రోజు పొద్దున్నే వెళ్లు, చివరి తట్ట పడేదాకా కదలకు. స్టబ్బుల (కాంక్రీటులో పాతే టవర్ కాళ్ల మొదళ్ల) మధ్య దూరాలు, మూల నుంచి మూలకి రెండు కర్ణాలు నువ్వే టేపు పట్టి చూడు. పోశాక మళ్లీ చూడు, వైబ్రేటరు తగిలి స్టబ్బు జరుగుతుంది. నీళ్లు తోడే మోటారుకి స్పేరు పక్కనే ఉండాలి. దాని పైపు కాంక్రీటుకి ఆనించకుండా, గోతి మూల చిన్న గుంట తీయించి అందులో పెట్టించు. లేకపోతే నీళ్లతోపాటు సిమెంటు పాలూ పోతాయి. మేస్త్రీ పని తేలికవుతుందని ఇంకో బకెట్ నీళ్లు కలపబోతే ఒప్పుకోకు. సముద్రం వైపు, రొయ్యల చెరువుల పక్కన, గోతిలో ఊరిన ఉప్పునీళ్లు అసలు వాడనివ్వకు. ఉప్పు లోపలి కమ్మీని తినేస్తుంటే పైకి ఏమీ తెలియదు. మంచినీళ్ల ట్యాంకరు రాకపోతే పని రేపటికి వాయిదా వెయ్యి.

పూడ్చేటప్పుడు తోడిన బురదనే జేసీబీతో నెట్టేస్తారు. గట్టి మట్టి తెప్పించి, జానెడు మించకుండా పొరలు వేయించి దిమ్మిసతో కొట్టించు.

తీగ పనికి వస్తే, సాగ్, అంటే రెండు టవర్ల మధ్య తీగ కిందికి వేలాడే కొలత, చూసేటప్పుడు థర్మామీటరు ఉండాలి. ఎండకి తీగ సాగుతుంది. పొద్దుటి లెక్క మిట్టమధ్యాహ్నం పనికిరాదు. రోడ్డు, రైలు, గోదావరి పాయ దాటేచోట జాయింటు వద్దు. లైనులోకి ఇంకా కరెంటు వదల్లేదు కదా అని ఎర్తింగు లేకుండా తీగని ఎవరినీ ముట్టుకోనివ్వకు. పక్క లైను నుంచి తగలకుండానే ఈ తీగలో పుట్టే కరెంటు (ఇండక్షన్) మనిషిని చంపుతుంది. గ్యాంగు కుర్రాళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తారు, వాళ్ల బెల్టులు రోజూ చూడాల్సింది నువ్వే.

కొబ్బరి చెట్టు కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది. లైను కోసం ఖాళీ చేసే ఆ 35 మీటర్ల కారిడార్లో చెట్లు రైతు ఎదురుగా లెక్కపెట్టి, సంతకాలయ్యి, కాపీ అతని చేతికి అందాకే గొడ్డలి వెయ్యాలి. చేలల్లో గోతులు దాళ్వా (రెండో పంట) కోతలయ్యి కాలువలకి నీళ్లు ఆపేశాక పెట్టుకో. ఊట తగ్గుతుంది, పంటా పోదు.

నేల చూడ్డానికి ముందుగా తీసే ట్రయల్ గోతుల్లో మట్టి ఎలా ఉందో, ఎంత లోతులో నీళ్లు పడ్డాయో టవర్ నంబర్ల వారీగా రాసి పంపు. ఆదివారం వస్తే డ్రాయింగులు దగ్గరపెట్టుకుని చూద్దాం.

మీ మావయ్య